‘నరం’ అన్న ఒక్క మాట



మాటల గురించి మనం ఎన్నోసార్లు తగవులాడుకున్నాం. ‘డౌన్‌లోడు’ను ‘దించుకోవడం’ అనాలా, ‘దిగుమతి’ అనాలా అని పూటలకు పూటలు వాదించుకున్న సందర్భాలున్నాయి. ఆ వాదాలలో గెలిచినా ఓడినా ఎవరికీ పోయేదేమీ లేదు. ఈ టపాలో చెప్పబోయేది అటువంటి మాట కాదు. దానిని సరిగా అర్థం చేసుకోవడం మీద ఒక పసివాడి ప్రాణం ఆధారపడి ఉన్నది. ఆ మాట మనందరికీ తెలిసినదే, ‘నరం’.

నేను తెలుగు పండిత శిక్షణ పొంది, ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఎల్లారెడ్డి ప్రాంతపు బడులలో గడిపినవాడిని. పదవీ విరమణ తరువాత కామారెడ్డిలో స్థిరపడ్డాను. ఒకనాడు సాయంత్రం, ఎప్పుడో నా వద్ద ఏడవ తరగతి చదివిన విద్యార్థి, ఇప్పుడు ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసుకుంటున్నాడు, భార్యతో సహా మా ఇంటికి వచ్చాడు. వారి ఏడేళ్ళ కొడుకుకు రక్తపు క్యాన్సరు అని తేలింది. హైదరాబాదులో చికిత్స మొదలైంది. చేతిలో లావుపాటి ఫైలు. అందులోని కాగితాలన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి.

“సారూ, జర ఈ కాయితం ఏమంటదో చెప్పుండ్రి” అన్నాడు.

చదివాను. అక్షరాలు చదవగలిగాను గాని అర్థం చెప్పలేకపోయాను. మందుల పేర్లు, పొట్టి అక్షరాలు, అంకెలు. నా శిష్యుడి ముందు, ‘ఇది నాకు తెలియదు నాయనా’ అని ఒప్పుకోవలసి వచ్చింది. అంతలో అతని భార్య అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

“సారూ, డాక్టరమ్మ ఈ మందు నరానికే ఇయ్యాలె అన్నది. మల్ల గదే మందుతోని నరాలు ఖరాబైతయ్ అన్నది. నరానికిచ్చే మందు నరాలను ఎట్ల ఖరాబ్ జేస్తది? మంచిదా, చెడ్డదా?”

ఆ డాక్టరమ్మ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఈ తల్లి విన్నదాంట్లోనూ తప్పు లేదు. తప్పు ఉన్నదల్లా మన వాడుకలో. రక్తం ప్రవహించే గొట్టాన్నీ మనం నరమనే అంటాం, ‘సూది వేద్దామంటే నరం దొరకలేదు’ అన్నట్లు. మెదడు నుండి కాలివేలి దాకా స్పర్శను, కదలికను మోసే తంతువునూ నరమనే అంటాం, ‘నరాల బలహీనత’ అన్నట్లు. వైద్యుడికి ఇవి పూర్తిగా వేరువేరు అవయవాలు. మనకు రెంటికీ ఒకటే మాట. మామూలు జ్వరాలకూ దగ్గులకూ ఈ అయోమయం వల్ల ఏ ప్రమాదమూ లేదు. కాని ఆ పిల్లవాడికి ఇస్తున్న మందు విన్‌క్రిస్టీన్. మొదటి రకం నరంలోకి అది వెళ్ళి తీరాలి. రెండవ రకం నరాల దగ్గరికి, అందులోనూ వెన్నులోకి, నేరుగా వెళ్ళిందా, ప్రాణం నిలవడం దాదాపు అసాధ్యం.

పండితుడిని కదా, వెంటనే సవరించబోయాను. “రక్తం పోయేదాన్ని సిర అనాలమ్మా” అన్నాను. ఆమె అమాయకంగా, “సిర అంటే సిరానా సారూ, కలంల పోసేది?” అన్నది. సరే, రెండవదానికైనా మంచి మాట చెబుదామని, “స్పర్శ తెలిపేదాన్ని నాడి అంటారు” అన్నాను. ఆమె తన మణికట్టు పట్టుకుని, “నాడి అంటే గిదే గద సారూ?” అన్నది. నిజమే. మన ఊళ్ళలో నాడి అంటే చేయి పట్టి చూసేది. ‘నరం దొరకలేదు’ అంటే సూది మళ్ళీ వేయాలని అర్థం. ‘నాడి దొరకలేదు’ అంటే మనిషి దక్కడని అర్థం. పాఠ్యపుస్తకాలలోని మాటలు తెచ్చి ఆ తల్లిని నేను మరింత కలవరపెట్టాను.

ఆ మరునాడు మరొక శిష్యుడి వద్దకు వెళ్ళాను. అతడు వైద్యుడు. రెండు మూడు సాయంకాలాలు ఓపికగా కూర్చోబెట్టి చెప్పాడు. అతని వద్ద నేర్చుకున్నదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ మీ ముందుంచి, చివర నా అభిప్రాయం చెబుతాను.

ఈ విన్‌క్రిస్టీన్ ఎక్కడి నుండి వచ్చిందో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. మన వాకిళ్ళలో, గోడల పక్కన, ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు నుండి. దాని పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపం. చక్కెర వ్యాధికి పనికివస్తుందేమోనని కెనడాలో ఆ ఆకులను పరిశోధిస్తుండగా, అవి రక్తంలోని తెల్లకణాలను తగ్గిస్తున్నాయని కనిపించింది. అట్లా 1958లో విన్‌బ్లాస్టిన్ అనే పదార్థం వెలుగుచూసింది. దాని వెనుకనే అమెరికాలో విన్‌క్రిస్టీన్‌ను వేరుచేశారు. 1963లో అక్కడ దానికి అనుమతి లభించింది. పిల్లలకు వచ్చే రక్తపు క్యాన్సరు చికిత్సలో నేటికీ అది ముఖ్యమైన మందులలో ఒకటి. ఈ సంగతి చదివి ఎవరైనా ఆకులు నూరి తాగించేరు, ఆ పని చేయవద్దు. కొలతలేని ఆకుపసరు విషం. కొలిచి, శుద్ధి చేసి, మిల్లీగ్రాములలో ఇచ్చినదే మందు.

అది పనిచేసే తీరు తెలిస్తే ఆ తల్లి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఒక కణం రెండు కణాలుగా చీలేటప్పుడు దాని లోపల అతి సన్నని గొట్టాల వంటి పోగులు ఏర్పడి, సరుకును అటు సగం ఇటు సగం లాగుతాయి. విన్‌క్రిస్టీన్ ఆ పోగులను కట్టుకోనివ్వదు. చీలలేని క్యాన్సరు కణం చచ్చిపోతుంది. అయితే అటువంటి పోగులే స్పర్శ నరాలలోనూ ఉంటాయి. అక్కడ వాటి పని నరం పొడవునా పోషకాలను మోయడం. మందు వాటినీ దెబ్బతీస్తుంది. పొడవైన నరాలు ముందు బాధపడతాయి గనుక కాలివేళ్ళలో, చేతివేళ్ళలో తిమ్మిరి మొదలవుతుంది. పిల్లవాడు చొక్కా గుండీ పెట్టుకోలేకపోవచ్చు, నడిచేటప్పుడు పాదం ఈడ్చవచ్చు, మెట్టు తట్టుకుని పడవచ్చు. దవడ నొప్పి అనవచ్చు. పేగుల నరాలు మందగించి మలబద్ధకం వస్తుంది. వీటిలో ఏది కనిపించినా తరువాతి సూదికి ముందే వైద్యుడికి చెప్పాలి. మోతాదు తగ్గించాలా, ఆపాలా అన్నది వారు చూసుకుంటారు. ‘పిలగాడు బద్ధకంగా నడుస్తున్నాడు’ అని ఇంట్లోవాళ్ళు కసురుకుంటే ఆ కబురు వైద్యుడిదాకా చేరదు.

ఇక అసలు ప్రమాదం. దానికి ముందు మరొక మందు గురించి, మన తెలుగువాడి గురించి చెప్పాలి.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్లం అందితే రక్తపు క్యాన్సరు కణాలు మరింత పెరుగుతున్నట్లు కనిపించింది. అయితే దానిని పోలి ఉండి దాని పని చేయని పదార్థాన్ని ఇచ్చి ఆ కణాలను మోసం చేయవచ్చు కదా! అట్లా ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకు ఇచ్చి చూశారు. 1948 జూన్‌లో ఫలితం అచ్చయింది. 16మంది పిల్లలలో 10మందికి వ్యాధి తాత్కాలికంగా వెనక్కు తగ్గింది. అంతకుముందు ఆ వ్యాధి వచ్చిన బిడ్డ వారాలలో, నెలల్లో పోవడమే తప్ప మరో దారి లేని రోజులవి. ఫలితం అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు 53వ ఏట కన్నుమూశారు. ఆ కుదురు నుండే వచ్చిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. సంపన్న దేశాలలో ఈ రకం క్యాన్సరు వచ్చిన పిల్లలలో పదిమందికి తొమ్మిదిమంది దాకా ఇప్పుడు బతుకుతున్నారు.

రక్తంలోకి ఎక్కించిన మందులు చాలావరకు మెదడులోకి సరిగా చేరవు. క్యాన్సరు కణాలు అక్కడ దాక్కునే వీలుంది. అందుచేత మెథోట్రెక్సేట్‌ను వెన్నులో సూది గుచ్చి, వెన్నునీటిలోకి కూడా ఇస్తారు. విన్‌క్రిస్టీన్‌ను చేతి నరం ద్వారా రక్తంలోకి ఇస్తారు. ఒకే పిల్లవాడికి, తరచుగా ఒకే రోజున, రెండు మందులూ పడతాయి. రెండూ సిరంజీలలో ఒకే పళ్ళెంలో ఉంటే? అలసిన చేయి ఒకదానికి బదులు మరొకటి అందుకుంటే?

ఇది ఊహ కాదు. విన్‌క్రిస్టీన్ పొరపాటున వెన్నులోకి వెళ్ళిన ఉదంతం 1968లోనే వైద్య పత్రికకు ఎక్కింది. 2001లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో, క్యాన్సరు దాదాపు నయమై చివరి విడతలలో ఉన్న 18 ఏళ్ళ యువకుడికి ఇట్లాగే జరిగి, నాలుగు వారాల తరువాత చనిపోయాడు. కాళ్ళ నుండి పైకి పాకే పక్షవాతం, దానికి విరుగుడు లేదు. అటువంటి ఉదంతాలు దేశదేశాలలో 50కి పైగా లెక్కకు వచ్చిన తరువాత, 2007 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక వెలువరించింది. విన్‌క్రిస్టీన్‌ను సిరంజీలో కాక, చిన్న సెలైన్ సంచిలో కలిపి మాత్రమే ఇవ్వాలని దాని సారాంశం. ఎంత చిన్న సవరణ! సంచిలోని మందును వెన్నులోకి ఎక్కించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. చేయి పొరబడడానికి వీలే ఉండదు. దానితోపాటు, వెన్ను మందూ నరం మందూ ఒకే వేళకు ఒకే గదిలోకి తేకపోవడం, ఇచ్చేముందు ఇద్దరు మనుషులు పేరూ మందూ దారీ పైకి చదివి సరిచూడడం.

ఈ బాధ్యత ఆసుపత్రిది, అందులో సందేహం లేదు. దానిని తల్లిదండ్రుల నెత్తిన పెట్టమని నేను అనడం లేదు. కాని పిల్లవాడి పక్కన ప్రతిసారీ తప్పక ఉండేది తల్లి ఒక్కతే. వైద్యులు మారతారు, నర్సమ్మల పూటలు మారతాయి. ఆమెకు రెండు ముక్కలు తెలిస్తే చాలు, విన్‌క్రిస్టీన్ అన్న పేరు, అది చేతికే గాని వెన్నుకు కాదన్న నియమం. “అమ్మా, ఇది ఏ మందు? ఎక్కడికిస్తున్నరు?” అని అడిగితే అది అవమానం కాదు. మంచి నర్సు దానికి సంతోషిస్తుంది.

మరొక జాగ్రత్త కూడా ఉన్నది. ఈ మందు నరంలోంచి జారి చుట్టూ ఉన్న కండలోకి పోతే అక్కడ పుండు పడుతుంది. మందు ఎక్కుతుండగా చేయి మండుతున్నదనో ఉబ్బుతున్నదనో పిల్లవాడు అంటే, ‘ఓర్చుకో బిడ్డా’ అనకూడదు. తక్షణం నర్సును పిలవాలి. మనకు తోచినట్లు రుద్దడం, మంచు పెట్టడం కూడదు. కొన్ని మందులకు చల్లని కాపడం, విన్‌క్రిస్టీన్‌కు వెచ్చని కాపడం. ఏది ఎప్పుడన్నది వారు చూస్తారు. మన పిల్లలకు నొప్పిని ఓర్చుకోవడమే గొప్ప అని నేర్పుతాం. ఇక్కడ మాత్రం అరిచిన పిల్లవాడే అదృష్టవంతుడు.

ఇంతవరకు ఆసుపత్రి లోపలి మాట. నన్ను ఎక్కువగా కలచివేసినది మాత్రం బయటి సంగతి. సూది పడిన సాయంత్రానికే ఇంటికి పంపిస్తారు. ఎల్లారెడ్డి నుండి కామారెడ్డి సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి నుండి హైదరాబాదు మరో 110 పైన. మెదక్ మీదుగా పోయినా అదీ దూరాభారమే. మందు ప్రభావం ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోదు, పిల్లవాడితోపాటు బస్సెక్కి పల్లెకు వస్తుంది. తరువాతి రోజులలో ఈ మందులన్నీ కలిసి తెల్లకణాలను తగ్గిస్తాయి. అప్పుడు వచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు. చీము పట్టదు, దగ్గు రాదు, ఎందుకంటే పోరాడే కణాలే లేవు. జ్వరం ఒక్కటే గుర్తు. గంటలు గడిస్తే రక్తమంతా విషమవుతుంది.

మా పిల్లవాడి విషయంలో ఇదే జరిగింది. ఒక రాత్రి ఒళ్ళు కాలింది. ఆ ఊళ్ళో తెలిసిన వైద్యం అందరికీ ఒకటే. ఒకరు వచ్చి తుంటికి సూది వేసి, జ్వరం బిళ్ళ ఇచ్చి, ‘పొద్దుగాల వరకు తగ్గుతది’ అన్నారు. తగ్గినట్లే కనిపించింది. బిళ్ళ జ్వరాన్ని దాచిపెడుతుంది తప్ప లోపలి రోగాన్ని ఆపదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నెత్తురు గడ్డకట్టే కణాలు తక్కువగా ఉన్నవాడికి కండకు సూది వేయకూడదనీ తెలియదు. తెల్లవారేసరికి తుంటి నల్లగా కమిలింది, పిల్లవాడు మగతలో ఉన్నాడు. ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పదిరోజులకు పైగా అక్కడే ఉంచారు. బతికాడు. ఆ రాత్రి ఎవరిలోనూ దురుద్దేశం లేదు. జ్వరం వస్తే ఏం చేయాలో ఫైలులో స్పష్టంగానే రాసి ఉన్నది. నేను తరువాత చూశాను. ఆంగ్లంలో, ఆరవ పుటలో.

మరో సంగతి నా వైద్య శిష్యుడు చెప్పినప్పుడు ఉలిక్కిపడ్డాను. మన పల్లెల్లో తామర వస్తే మందుల దుకాణంలో అడిగి ఇట్రాకొనజోల్ గొట్టాలు తెచ్చుకుని మింగడం మామూలైపోయింది. ఆ మందు శరీరం నుండి విన్‌క్రిస్టీన్‌ను పోనివ్వదు. మోతాదు సరిగా ఇచ్చినా అది ఎక్కువ మోతాదంత హాని చేస్తుంది. అంటే, వైద్యుడు మిల్లీగ్రాములు లెక్కగట్టి ఇచ్చిన జాగ్రత్తను, దుకాణంలో కొన్న గొట్టం ఒకటి వమ్ము చేయగలదు. నొప్పి బిళ్ళలకు, మెథోట్రెక్సేట్‌కు కూడా పొత్తు కుదరదు. అడగకుండా ఏదీ మింగించరాదన్న ఒక్క నియమం చాలు. కాని ఆ నియమం ఎందుకో చెబితేనే మనుషులు పాటిస్తారు.

ఇక నా అభిప్రాయం. రక్తపు క్యాన్సరుకు సూదిమందు ఇచ్చి ఇంటికి పంపేటప్పుడు, దాని జాగ్రత్తలు ఇంటివారు మాట్లాడే తెలుగులో, ఒక్క కాగితంపై, వారి చేతికి ఇచ్చి, చదివి వినిపించి పంపాలి. ఇది దయతో చేసే పని కాదు, చికిత్సలో భాగం. మందు కొనలేని కుటుంబాలకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అండగా నిలిచింది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి పది లక్షలకు పెరిగింది. కామారెడ్డికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. మందు అందుతున్నది, మంచం అందుతున్నది. మాట మాత్రం ఇంకా అందడం లేదు. మాట అందించడానికి ఖర్చు ఒక కాగితం.

దీనికి నా వైద్య శిష్యుడే ఒక అభ్యంతరం చెప్పాడు. తోసిపుచ్చదగింది కాదు గనుక ఇక్కడ పెడుతున్నాను. “తప్పుడు తెలుగు కంటే సరైన ఇంగ్లీషే నయం సార్. అనువాదంలో ఒక్క మాట తారుమారైతే మనిషి పోతాడు” అన్నాడు. నిజం. నేను రాసిన మొదటి ప్రతే అందుకు సాక్ష్యం. పాండిత్యం కొద్దీ ‘సిరాంతర్గత సూచీప్రయోగము’ అని మొదలుపెట్టాను. వెన్నుకు ‘కశేరునాళము’ అన్నాను. ఆ తల్లికి చదివి వినిపించి, “ఏమర్థమైందమ్మా?” అని అడిగితే, “ఏదో మంత్రం లెక్కున్నది సారూ” అన్నది. నవ్వాను గాని, ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాడికి అంతకన్న కఠినమైన పరీక్ష ఎన్నడూ ఎదురుకాలేదు.

రెండవ ప్రతి ఆమెతోనే రాయించాను. “రెండు నరాలకు తేడా నువ్వైతే ఎట్లా చెబుతావు?” అన్నాను. కాసేపు ఆలోచించి, “ఒకటి నెత్తురు నరం, ఇంకోటి తిమ్మిరి నరం” అన్నది. మిత్రులారా, మనం పుట్టించిన పారిభాషిక పదాలన్నీ ఒక పక్కన పెట్టి చూడండి. ఇంత తేలికగా, ఇంత తప్పులేకుండా పనిచేసే జంట నాకు కనబడలేదు. సిర, నాడి అనే మాటలను పాఠ్యపుస్తకాలలోంచి తీసేయమని అనడం లేదు. అవి అక్కడ ఉండవలసినవే. కాని మంచం పక్కన నిలవవలసింది ఆ తల్లి మాట.

అందువల్ల అభ్యంతరానికి నా జవాబు ఇది. తెలుగు కాగితం వైద్యుడు లేకుండా పండితుడు రాయకూడదు, తల్లి లేకుండా వైద్యుడు రాయకూడదు. మందు పేరును అనువదించరాదు, ఉన్నది ఉన్నట్లు తెలుగు లిపిలో రాయాలి. అంకెలు అంకెలలోనే ఉండాలి. రాసినది చదివి వినిపించి, ‘అర్థమైందా’ అని అడగరాదు. ఆ ప్రశ్నకు అందరూ తలూపుతారు, ముప్పై ఏళ్ళ తరగతి గది నాకు నేర్పినది అదే. ‘రాత్రి జ్వరమొస్తే ఏం చేస్తవమ్మా, చెప్పు’ అని అడగాలి. తన మాటలలో ఆమె తిరిగి చెప్పినప్పుడే పాఠం పూర్తయినట్లు. కాగితానికి రెండవ వైపున, దగ్గరి ఆసుపత్రిలో రాత్రి పూట ఉండే వైద్యుడి కోసం నాలుగు వరుసలు ఆంగ్లంలోనే ఉండాలి, ఈ పిల్లవాడు ఏ చికిత్సలో ఉన్నాడు, జ్వరం వస్తే వచ్చిన గంటలోపల ఏ మందు మొదలుపెట్టాలి, ఎవరికి ఫోను చేయాలి అని. ఆంగ్లం మీద నాకు పగ లేదు. ఎవరికి ఏ భాష అవసరమో వారికి ఆ భాష అందాలన్నదే నా వాదం.

మేము ముగ్గురం కలిసి రాసిన కాగితం ఇది. చికిత్స చేస్తున్న వైద్యులకు చూపించి, వారు సరేనన్న తరువాతే ఆ ఇంటి గోడకు అతికించాం.

“విన్‌క్రిస్టీన్ మందు చేతి నెత్తురు నరానికే. వెన్నుకు ఎన్నడూ కాదు. ఇచ్చేముందు ప్రతిసారి పేరడుగు.

మందు ఎక్కుతుంటే చెయ్యి మండితే, ఉబ్బితే, వెంటనే నర్సమ్మను పిలువు. ఓర్చుకోవద్దు.

జ్వరం 100.4 దాటితే, అది పగలైనా, నడిరాత్రైనా, అప్పుడే బయలుదేరు. ముందు ఫోన్ చెయ్యి. బిళ్ళ వేసి తెల్లారేదాకా చూడొద్దు. తుంటికి సూది వేయించవద్దు.

కాళ్ళు చేతుల తిమ్మిరి, దవడ నొప్పి, అడుగు ఈడ్చుడు, దొడ్డికి కాకపోవుడు, ఇవి కనబడితే తర్వాతి సూదికంటే ముందే చెప్పు. దొడ్డికి కాకుంటే ఎనిమా పెట్టొద్దు.

తామర మందు, నొప్పి బిళ్ళ, ఆకుపసరు, ఏదైనా సరే, అడగకుండా ఇవ్వొద్దు.

సూది పడినంక రెండు రోజులు పిలగాని ఉచ్చ, దొడ్డి, వాంతి ఎత్తేటప్పుడు చేతికి తొడుగులు వేసుకో. కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టవద్దు.”

ఇందులో సంధి లేదు, సమాసం లేదు, వ్యాకరణం చూసి మార్కులు వేస్తే పది దాటవు. నేను రాసినవాటిలో ఎవరికైనా నిజంగా పనికివచ్చినది మాత్రం ఇదేనని అనుకుంటున్నాను. కిందటి వర్షాకాలంలో మళ్ళీ ఒక రాత్రి జ్వరం వచ్చింది. ఈసారి ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ సలహా అడగలేదు. కాగితం చూసి ఫోను చేసి, ఆటో మాట్లాడుకుని బయలుదేరారు. దగ్గరి పెద్దాసుపత్రిలో రెండవ వైపు చూపిస్తే మొదటి మందు అక్కడే ఎక్కించి హైదరాబాదుకు పంపారు. నాలుగవ రోజుకు పిల్లవాడు ఇంటికి వచ్చాడు. చికిత్స ఇంకా ముగియలేదు, ఏడాదికి పైగా మిగిలి ఉన్నది. తీర్పు చెప్పడానికి ఇది సమయం కాదు.

మీలో వైద్యులున్నారు, మందుల కంపెనీలలో పనిచేసేవారున్నారు, పరదేశాలలో ఆసుపత్రుల తీరు దగ్గరగా చూసినవారున్నారు. నేను రాసినదాంట్లో తప్పుంటే మొహమాటం లేకుండా సరిదిద్దండి. భాష మీద అభిమానం ఉన్నవారికి మరొక మనవి. మీ జిల్లాలో నెత్తురు నరాన్ని ఏమంటారో, తిమ్మిరి నరాన్ని ఏమంటారో, ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న ఒక తల్లిని అడిగి రాయండి. సుబ్బారావు గారి ప్రయోగశాల నుండి మందు మన ఇంటిదాకా రాగలిగింది. దానిని ఎట్లా వాడాలో చెప్పే నాలుగు మాటలు కూడా రాగలగాలి. కాగితం ఎవరైనా వాడుకోవచ్చు, నా అనుమతి అక్కర లేదు. మీ వైద్యుడికి చూపించకుండా మాత్రం వాడకండి.

సెలవు.